నాలుగున్నరేళ్ళు ఆడిన తుపాకుల ఆట: నా సమీక్ష

ఈ ఆటను 2021 జూన్‌లో ఫోన్‌లో వేసుకున్నాను. ఆన్‌లైన్ క్లాసుల కోసం బాపు కొనిచ్చిన ఫోన్ అది. 2025 డిసెంబర్‌లో తీసేశాను. ఆట పేరు రాయడం లేదు. విమానంలోంచి వంద మంది దూకి, ఆఖరికి మిగిలినవాళ్ళు గెలిచే తరహా అంటే చాలు, ఆడినవాళ్ళకు అర్థమవుతుంది. వారం రోజులు ఆడి రాసేవాళ్ళు గ్రాఫిక్స్ గురించి, మ్యాపుల గురించి రాస్తారు. ఏళ్ళ తరబడి ఆడితేగానీ తెలియని సంగతులు వేరే ఉన్నాయి.

ముందు బాగున్నది చెప్పాలి. మూడు జీబీ ర్యామ్ ఫోన్‌లో కూడా ఎక్కడా ఆగకుండా నడిచింది. లాక్‌డౌన్‌లో కాజీపేట దాటే వీలు లేనప్పుడు మా నలుగురు దోస్తులం రాత్రి తొమ్మిదింటికి కలుసుకున్నది ఇందులోనే. "ఎడమ పక్క ఇంట్ల ఉన్నడు, పైకి పోకురా" అని ఒకడు చెవిలో చెబుతుంటే, గడ్డిలో బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టిన ఆ నిమిషాలు నిజంగా సంతోషపెట్టాయి. ఆటే చెడ్డదని అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. ఆట చుట్టూ కట్టిన హాజరు పట్టీ, దుకాణం, ఈ రెండే నన్ను తిన్నాయి.

హాజరు పట్టీ అంటే రోజూ లాగిన్ అయితే ఇచ్చే బహుమతి. మొదటి రోజు చిన్నది, ఏడో రోజు కాస్త పెద్దది, అరవైలు దాటాక అందరికీ దొరకనిది. ఒక్క రోజు తప్పితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. దీనికి తోడు రెండు నెలలకో సీజన్. ఆ లోపు చేరాల్సిన మెట్టు చేరకపోతే కష్టపడ్డదంతా వృథా. రెండేళ్ళు గడిచేసరికి నాకు ఆడాలన్న కోరిక చాలావరకు తగ్గింది. కూడబెట్టింది పోతుందన్న భయం మాత్రం తగ్గలేదు. పొద్దున కళ్ళు తెరవగానే ఆ భయంతోనే ఫోన్ పట్టుకునేవాణ్ణి.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయాం. అంతకు ముందు ఏడాది నాకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, బతికి బయటపడితే నిలువెత్తు బంగారం ఇస్తానని అమ్మ మొక్కుకుంది. హనుమకొండలో బెల్లం దుకాణంలో నన్ను కాంటా మీద నిలబెట్టి 54 కిలోలు తూకం వేయించారు. జంపన్న వాగులో స్నానాలు చేసి గద్దెల వైపు నడుస్తున్నప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు లాగిన్ కాలేదని. అరవై ఎనిమిదో రోజు. అంత జనంలో సిగ్నల్ ఎక్కడిది? "ఇప్పుడే వస్తా" అని చెప్పి ఫోన్ పైకెత్తుకుని జనంలోంచి వెనక్కి నడిచాను. ఒక చెట్టు దగ్గర ఒక గీత వచ్చింది, పోయింది. చక్రం తిరుగుతూనే ఉంది. గంటకు పైగా అక్కడే నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి బంగారం ఇచ్చేసి, ఖాళీ సంచులు మడిచి పట్టుకుని అమ్మా బాపూ నా కోసం వెతుకుతున్నారు. అమ్మ తిట్టలేదు. "నీ పానం కోసం మొక్కిన మొక్కు, నువ్వే లేకపోతివి బిడ్డా" అంది. లాగిన్ మాత్రం అయ్యింది. ఆ మాట ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇక దుకాణం. ఆటలో వాడే తుపాకులు, చొక్కాలు అక్కడ మూసిన పెట్టెల్లో అమ్ముతారు. పెట్టె తెరిస్తే ఏమొస్తుందో తెలియదు. చక్రం తిరిగి తిరిగి, నాకు కావాల్సిన తుపాకీ పక్క గడిలో ఆగుతుంది. కొద్దిలో తప్పింది అనిపిస్తుంది, ఇంకోటి కొంటాం. పెట్టె ధర 80 నాణేలు. డబ్బు తీసుకుని ఆ నాణేలు అమ్మేది మాత్రం 60, 300 లెక్కన. 300 కొంటే మూడు పెట్టెలు వచ్చి 60 మిగులుతాయి, నాలుగోదానికి ఇరవై తక్కువ. ఆ ఇరవై కోసం మళ్ళీ కొనడమే.

మా అక్క బీఈడీ చదువుతున్నప్పుడు ఆమె పుస్తకంలో పావురాల మీద ప్రయోగాలు చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పాఠం చూశాను. బొత్తాన్ని ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ వస్తే, గింజలు ఆపేయగానే పావురం కూడా త్వరగానే మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే, గింజలు ఆపేశాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. ఆ పేజీ దగ్గరే చాలాసేపు కూర్చున్నాను. నా పెట్టెల సంగతి అర్ధ శతాబ్దం ముందే రాసిపెట్టి ఉంది. ఇలాంటి పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. మన దగ్గర 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నేనాడిన దాంట్లో గెలుచుకునే డబ్బు లేదు కాబట్టి ఆ చట్టం వచ్చాక కూడా నా ఫోన్‌లో పెట్టెలు అలాగే కనబడ్డాయి.

బాపు కాజీపేట స్టేషన్ నుంచి చౌరస్తాకు ఆటో నడుపుతాడు. ఆయన యూపీఐ నుంచి ఒకసారి 89, ఒకసారి 449, ఇలా మొత్తం 11,460 రూపాయలు పెట్టాను. మెసేజ్ రాగానే చెరిపేసేవాణ్ణి. ఒకరోజు బ్యాంకు స్టేట్‌మెంట్ నా ముందర పెట్టి "ఏం కొన్నవ్‌రా?" అని అడిగాడు. చొక్కా అన్నాను. "ఏది, చూపియ్." ఫోన్ తెరిచి ఆటలో నిలబడ్డ మనిషి ఒంటి మీది చొక్కా చూపించాను. బాపు అద్దాలు సర్దుకుని దాన్ని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. ఆటో వెనక టైరు అరిగిపోయి రెండు నెలలైంది అప్పటికి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల వర్గీకరణలో చేర్చింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా అన్నింటికంటే అదే ముఖ్యమైపోవడం, నష్టం కళ్ళముందే కనబడుతున్నా ఆపలేకపోవడం, మామూలుగా ఏడాది పాటు ఇలా ఉంటే చూడాలంటారు. ఎక్కువ ఆడే ప్రతి పిల్లాడికీ జబ్బు ఉందని దీని అర్థం కాదు. నాకు మాత్రం మూడూ నావే అనిపించి టెన్షన్ పట్టుకుంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఓపికగా విన్నారు. బాపుకు చెప్పలేకపోయింది మొదట అక్కడ చెప్పాను.

ఫోన్‌లో టైమర్ పెట్టుకోవడం నాకు పనిచేయలేదు. పెట్టిన చేతితోనే తీసేసుకుంటాం. టైమర్ తీసే పిన్ అక్క దగ్గర ఉంటే కొంత నయం. ఆటను రెండుసార్లు తీసేశాను కూడా. మళ్ళీ వేసుకోగానే అకౌంట్ అలాగే ఉంది, పైగా తిరిగి వచ్చినందుకు ఉచితంగా పెట్టెలు ఇచ్చింది. ఇన్నాళ్ళూ అడిగినా రాని తుపాకీ ఆరోజే వచ్చింది. అందుకే మూడోసారి అకౌంటే తొలగించమని పెట్టాను. పదిహేను రోజులు ఆగాలి, ఈలోపు ఒక్కసారి లాగిన్ అయినా అది రద్దవుతుంది. పదకొండో రోజు రాత్రి దోస్తు మెసేజ్: "సీజన్ ఆఖరు, ఒక్క మ్యాచ్ రా." ఫోన్ అక్క చేతిలో పెట్టి, బాపు ఆటో కడుగుతుంటే పోయి నీళ్ళు పట్టాను.