మూడంతస్తుల కంపోస్టు కుండ: బాల్కనీలో పద్నాలుగు నెలలు

నిరుడు ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర 2,900 రూపాయలకు మూడంతస్తుల మట్టి కంపోస్టు కుండ కొన్నాను. ఇంటికి చేర్చినందుకు మరో 350 రూపాయలు తీసుకున్నారు. మేము నలుగురం. హైదరాబాదులో మల్కాజిగిరి వైపు ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటాము. వాషింగ్ మెషీన్ పోగా మిగిలిన నాలుగడుగుల బాల్కనీయే మాకున్న పెరడు. ఇలాంటి ఇంట్లో ఈ వస్తువు ఎంతవరకు పనికొస్తుందో, కొనేముందు నాకెవరూ చెప్పని సంగతులేమిటో రాయడానికి ఇన్ని నెలలు ఆగడానికి కారణం ఉంది: ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటించకుండా కంపోస్టు కుండ గురించి తీర్పు చెప్పకూడదు.

ఒకదానిమీద ఒకటి నిలిచే మూడు మట్టి కుండలు, పైన ఒక మూత, ఇదే మొత్తం సరంజామా. కుండల చుట్టూ వేలు పట్టేంత రంధ్రాలు ఉంటాయి. పై రెండు కుండలకు అడుగు ఉండదు. దాని స్థానంలో తాళ్ళతో అల్లిన వల ఉంటుంది. దానిమీద పాత వార్తాపత్రిక పరిచి చెత్త వేయడం మొదలుపెట్టాలి. పైది నిండాక దాన్ని నడిమికి దించి, నడిమిదాన్ని పైకి తేవాలి. రెండూ నిండితే నడిమి కుండలోనిదంతా అడుగున ఉన్న మూడో కుండలో గుమ్మరించాలి. ఈ నమూనాను మన నగరాల్లో ప్రచారంలోకి తెచ్చింది 2006లో బెంగళూరులో మొదలైన డైలీ డంప్ సంస్థ. ఆ సంస్థ తన కుండకు పెట్టిన ఖంబా అనే పేరు ఇప్పటికీ చాలామంది ఈ తరహా కుండలన్నిటికీ వాడుతుంటారు. నేను కొన్నది ఆ సంస్థది కాదు, అదే పద్ధతిలో మరొకరు చేయించి అమ్ముతున్నది.

అసలు ఈ శ్రమ ఎందుకన్న ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఆటోకు ఇస్తున్నాం కదా, అది చాలదా అన్నారు. ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఇంట్లో చెత్త వేరు చేయడం మన బాధ్యత, అంతవరకు నిజమే. కానీ వేరు చేసిన తడి చెత్త దారిలో ఎక్కడో పొడి చెత్తతో కలిసిపోయి పెద్ద గుట్టకు చేరితే, ఆ గుట్ట లోపల గాలి ఆడక కుళ్ళి మీథేన్ పుడుతుంది. నూరేళ్ళ లెక్కలో చూస్తే, బరువుకు బరువు, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27, 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు అది. అదే కూరగాయల తొక్కు గాలి తగులుతూ కుళ్ళితే ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. అంటే ఈ కుండ చేసే మేలంతా దాని రంధ్రాల్లోంచి లోపలికి పోయే గాలిలోనే ఉంది. కలబెట్టకుండా వదిలేస్తే, అదే కుండ బాల్కనీలో వెలసిన ఒక చిన్న డంపింగ్ యార్డు అవుతుంది. మొదటి నెలలో మేము చేసింది సరిగ్గా అదే.

కుండతో పాటు వచ్చిన నాలుగు పేజీల పుస్తకంలో "చెత్త వేయండి, పొడి చల్లండి, మూత పెట్టండి" అని ఉంది. కుండతోనే వచ్చిన ఆ సూక్ష్మజీవుల పొడి ఎంత చల్లాలో, అది అయిపోతే ఏం చేయాలో లేదు. మేము పిడికెడు చల్లి ఊరుకున్నాము. పన్నెండో రోజుకు కుళ్ళిన కోడిగుడ్ల వాసన మొదలైంది, పక్క ఫ్లాటు పెద్దావిడ మర్యాదగానే "ఏమ్మా, డ్రైనేజీ ఏమైనా పొంగిందా?" అని అడిగింది. కారణం తరవాత తెలిసింది. కూరగాయల తొక్కులో నూటికి ఎనభై తొంభై పాళ్ళు నీరే. ఆ నీరు సందులన్నీ నింపేస్తే గాలి పోదు. పైగా సూక్ష్మజీవులకు కార్బన్, నైట్రోజన్ రెండూ కావాలి. ఒక పాలు నైట్రోజన్‌కు 25 నుంచి 30 పాళ్ళ కార్బన్ ఉంటే వాటికి అనుకూలం. పచ్చి తొక్కులో, ఆకుకూరల కాడల్లో, కాఫీ పిప్పిలో నైట్రోజన్ పాలు ఎక్కువ. ఎండుటాకులు, రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు, చింపిన అట్టపెట్టె కార్బన్ పాలును పూడుస్తాయి. ఎండు సరుకు తక్కువైతే ఘాటైన అమ్మోనియా వాసన, గాలి తక్కువైతే గుడ్ల వాసన వస్తాయి. ఈ రెండు వాక్యాలు ఆ పుస్తకంలో వేసి ఉంటే మాకు ఒక నెల, పెద్దావిడకు ఆ వాసన ఇబ్బంది తప్పేవి.

ఇప్పుడు మా పద్ధతి ఇది. వంటింట్లో స్టీలు గిన్నె ఒకటి తడి చెత్తకే ఉంది. రాత్రి గిన్నెలు తోమేముందు దాన్ని జల్లి బుట్టలో వంచి, నీరు కారిపోయాక కుండలో వేస్తాము. ఎంత చెత్త వేశామో, కొలతకు అంతే ఎండు సరుకు పైన కప్పుతాము. వారానికి రెండుసార్లు చిన్న తవ్వుగోలతో అడుగు దాకా కలబెడతాము. అయిదు నిమిషాల పని. పిండితే చేతికి తడి తగలాలి గాని చుక్క కారకూడదు. కారితే ఎండుటాకులు, పొడిగా రాలితే కాస్త పుల్లటి మజ్జిగ నీళ్ళు. వాసన ఆ తరవాత మళ్ళీ రాలేదు. వానలో తడిసిన అడవి నేల వాసన లాంటిది మాత్రం ఉంటుంది, అది నాకిష్టమే.

నిజానికి ఈ వస్తువు గురించి రాయవలసింది కుండ కంటే ఎండు సరుకు గురించే. కుండ ఒకసారి కొంటాము, ఎండు సరుకు ప్రతివారం కావాలి. మొదట్లో అయిదు కిలోల కొబ్బరి పొట్టు దిమ్మెలు కొన్నాము. ఒక్క దిమ్మె నీళ్ళలో నానబెడితే 60 లీటర్లకు పైగా ఉబ్బుతుంది, కానీ నానబెట్టాక మళ్ళీ ఎండబెట్టుకోవాలి. తడి పొట్టును తడి చెత్తమీద వేస్తే ఏం లాభం? అదీకాక ఎక్కడో పొట్టు ఒలిచి, ఒత్తి, లారీలో తెచ్చిన సరుకుతో మా ఉల్లిపొట్టును ఎరువు చేయడం నాకు కొంచెం విడ్డూరంగా తోచింది. ఇప్పుడు అపార్ట్‌మెంటు ముందున్న కానుగ చెట్టు రాల్చిన ఆకులను, ఊడ్చే మనిషి తగలబెట్టకముందే, గోనెసంచిలో పట్టించి మేడమీద పెడుతున్నాము. ఒక్క ఫిబ్రవరి, మార్చిలో రాలే ఆకు చాలాకాలం సరిపోతోంది. ఆకు తగలబెట్టడం ఆగడం మేము అనుకోకుండా కలిసొచ్చిన రెండో మేలు.

మట్టి ఎందుకు, ప్లాస్టిక్ డబ్బా చాలదా అన్నవారికి వేసవి కుండలో నీళ్ళు తాగిన అనుభవం ఉంటే విడిగా చెప్పనక్కరలేదు. మట్టి గోడ చెమరుస్తుంది. లోపలి అదనపు తేమ గోడలోంచి బయటికొచ్చి ఆరిపోతుంది. జూలై, ఆగస్టుల్లో ఈ గుణం మమ్మల్ని కాపాడింది. మే నెలలో అదే గుణం ఎదురు తిరిగి, లోపలి సరుకు ఎండిపోయి, చీమలు పుట్ట పెట్టాయి. చీమలు కనబడితే తేమ తగ్గిందని గుర్తు. నీళ్ళు చిలకరించి కలబెడితే రెండు రోజుల్లో వెళ్ళిపోయాయి.

వానాకాలంలో వచ్చే పురుగుల విషయం దాచకుండా చెప్పాలి, ఎందుకంటే కుండ కొన్న చాలామంది దాన్ని మూలన పడేసేది అప్పుడే. ఆగస్టులో ఒక ఉదయం మూత తీస్తే బూడిదరంగులో, పట్టెలు పట్టెలుగా, వేలెడు లోపు పురుగులు వందల కొద్దీ మెదులుతున్నాయి. మా అమ్మాయి ఆ కుండ ఇంట్లో ఉంటే తాను ఉండనంది. అవి నల్ల సైనిక ఈగ అనే ఒక జాతి లార్వాలు. ఇంటి ఈగలా ఇది అన్నంమీద వాలదు, కుట్టదు, రోగాలు మోయదు. దాని పిల్లలు మాత్రం తడి చెత్తను సూక్ష్మజీవుల కంటే ఎన్నో రెట్లు వేగంగా తినేస్తాయి. ఆ నెల మా కుండ నిండనే లేదు. పుస్తకంలో వీటి ఊసు లేకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం. పురుగు చూడలేనివారు పైన మూడంగుళాల మందాన ఎండుటాకులు కప్పితే ఈగ లోపలికి గుడ్లు పెట్టడం తగ్గుతుంది.

ఏం వేయవచ్చన్నది ఇల్లునుబట్టి, కాలాన్నిబట్టి మారుతుంది. కోడి ఎముకలు, పెరుగు, నూనె మిగులు మేము వేయము. నిమ్మ, నారింజ తొక్కలు ఆలస్యంగానైనా మాగుతాయి. మునక్కాయ పిప్పి నారగా మిగులుతుంది. టెంక, కొబ్బరి చిప్ప ఈ కుండకు లొంగవు. ఆవకాయ పెట్టిన రోజు తీసేసిన జీడి, పలచటి పొర గిన్నెడు వేస్తే పొర నెలలో పోయింది, జీడి ముక్కలు మూడు నెలలు అలాగే ఉండి తరవాత నల్లబడ్డాయి. వినాయక చవితి పత్రి దీనికి మంచి మేత. బతుకమ్మ పూలలో తంగేడు, బంతి వేశాము. రంగు అద్దిన గునుగు మాత్రం పక్కన పెట్టేశాము, ఆ రంగు ఏమిటో ఎవరికి తెలుసు?

ఇక తయారీ లోపాలు. మూత ఒక చోట నెర్రె విచ్చి వచ్చింది. ఫోటో పంపితే పది రోజుల తరవాత వేరే మూత పంపారు, అది కుండకంటే అరంగుళం చిన్నది. చేతితో చేసిన మట్టి వస్తువుల్లో కొలత తేడా సహజమే, దాన్ని నేను తప్పుగా ఎంచను. కానీ వల అల్లడానికి జనపనార తాడు వాడడం మాత్రం మన్నించరానిది. ఏడో నెలలో నడిమి కుండ ఎత్తబోతే మొత్తం సరుకు కాళ్ళమీద పడింది. ఆ తాడు దానికి తెలిసిన పని అది చేసింది, శుభ్రంగా కంపోస్టు అయిపోయింది! బట్టలు ఆరేసుకునే నైలాను తాడుతో మళ్ళీ అల్లుకున్నాము, ఇంతవరకు చెక్కు చెదరలేదు.

కుండతో పాటు ఇచ్చి, అయిపోయాక కిలో చొప్పున కొనమని గుర్తుచేస్తూ ఉండే సూక్ష్మజీవుల పొడి కూడా నా లెక్కలో అనవసరం. రెండో విడతలో ఒక కుండలో ఆ పొడి, మరో కుండలో మొదటి విడత కంపోస్టు రెండు పిడికిళ్ళు, అదే రకం చెత్తతో వేసి చూశాను. రెండూ ఇంచుమించు ఒకే వారం సిద్ధమయ్యాయి. కావలసిన జీవులు తొక్కుమీద, ఆకుమీద ముందే ఉంటాయి. మా అమ్మమ్మ ఊళ్ళో పెరటి పెంటకుప్పమీద ఎవరూ ఏ పొడీ చల్లలేదు; పేడ, బూడిద, ఊడ్చిన ఆకు కలిసి ఏడాదికి అదే మాగేది, తొలకరికి ముందు బండి కట్టి పొలానికి తోలేవారు. అయితే ఆ కుప్పకూ ఈ కుండకూ ఒక తేడా ఉంది. నిలువు, అడ్డం ఒక్కో మీటరు దాకా ఉన్న కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి విత్తనాలు చచ్చిపోతాయి. కుండలో అంత వేడి నిలవదు. అందుకే మా కంపోస్టు వేసిన ప్రతి కుండీలోనూ టమాటా, గుమ్మడి అడగకుండానే మొలుస్తున్నాయి. తెగులు పట్టిన మొక్కను దీనిలో వేయకూడదన్నది కూడా అందుకే.

ఫలితం లెక్క చెబుతాను. తొలి మూడు నెలలు రోజూ తూచాను. సగటున 700 గ్రాముల తడి చెత్త. ఏడాదికి 250 కిలోలు అటూ ఇటుగా మా ఇంటినుంచి ఆటో ఎక్కలేదు. జల్లించగా వచ్చిన కంపోస్టు, ఎండుటాకుల వాటా కలుపుకొని, 45 కిలోల లోపే. మిగిలినదంతా ఆవిరి, వాయువు. కుండీలకు పోగా సగం మిగిలితే కింద చెట్ల పాదుల్లో వేశాము. బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు టన్నుల కొద్దీ చెత్తనుంచి గ్యాసు, కరెంటు తీయడానికి ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) శాస్త్రవేత్తల పరిజ్ఞానంతో ఒక ప్లాంటు కట్టారు. అలాంటి ప్లాంటులో గాలి చొరని తొట్టెలో మీథేన్‌ను కావాలనే పుట్టించి, పట్టి వాడుకుంటారు. ఆ స్థాయి పనికి ఈ కుండ ప్రత్యామ్నాయం కాదు, అలా అమ్మేవారి మాట నమ్మవద్దు.

అనుకోని మార్పు ఒకటి వంటింట్లో వచ్చింది. చెత్త నల్ల సంచిలో పోయినంతకాలం ఏం పారేస్తున్నామో చూడలేదు. రోజూ గిన్నె వంచుతుంటే వారానికి ఒక కొత్తిమీర కట్ట, సగం సొరకాయ కుళ్ళి పోతున్నాయని కనబడింది. ఇప్పుడు కొత్తిమీర చిన్న కట్టే తెస్తున్నాము. పండించి, లారీలో తెచ్చి, ఫ్రిజ్‌లో పెట్టి పారేసిన కూరగాయను ఎరువు చేయడం కంటే దాన్ని కొనకపోవడమే పెద్ద ఆదా కనుక, కుండవల్ల జరిగిన అసలు మేలు బహుశా ఇదే.

గాలి చొరని డబ్బాలో పులియబెట్టే బొకాషీ పద్ధతి మా చెల్లెలి ఇంట్లో చూశాను. పురుగు రాదు, కానీ పులిసినదాన్ని మళ్ళీ మట్టిలో పూడ్చాలి. ఫ్లాటులో మట్టి ఎక్కడిది? కరెంటు యంత్రాలు వేడితో ఆరబెట్టి పొడి చేస్తాయి, వాటికి ధరా ఎక్కువే, బిల్లూ ఉంటుంది.

రోజూ ఇంట్లో వండేవారు, నీడపట్టున నాలుగడుగుల చోటు, ఎండుటాకులకు ఒక దారి ఉన్నవారు దీన్ని కొనవచ్చు. తరచూ ఊళ్ళు తిరిగేవారికి, మాంసాహారం మిగులు ఎక్కువగా ఉండే ఇళ్ళకు సరిపడదు. అయిదుగురు దాటితే పెద్ద సైజే తీసుకోండి. వీలైతే ఆన్‌లైన్‌లో కాకుండా దగ్గర్లో కుండలు చేసేవారి దగ్గర చేయించుకోండి. మూత కొలత చూసి తెచ్చుకోవచ్చు, దారిలో పగిలే భయమూ తగ్గుతుంది. వల మాత్రం ఇంటికి తెచ్చిన రోజే విప్పి నైలాను తాడుతో అల్లుకోండి.