రోజూ తూకమా, వారానికోసారా, నడుము టేపా: ఏది మేలు?

కొత్త డైట్ మొదలుపెట్టిన మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గితే ఎక్కడలేని హుషారు వస్తుంది. మూడో వారంలో అంకె కదలకపోతే అదే డైట్ మీద నమ్మకం పోతుంది. ఈ రెండు చోట్లా మనల్ని తిప్పలు పెట్టేది చాలావరకు ఒంట్లోని నీరే. ఎంతోమంది సరిగ్గా పనిచేస్తున్న డైట్‌ను ఇలాగే మధ్యలో వదిలేస్తారు. నాకు అదే బాధ.

ఏ డైట్ ఎంచుకోవాలన్నదాని మీద పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో క్రిస్టోఫర్ గార్డ్‌నర్ అనే పరిశోధకుడి బృందం 609 మందితో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే కొవ్వు పదార్థాలు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా రెండు వైపులా బాగా తగ్గినవాళ్లూ ఉన్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు. కాబట్టి మన ఒంటికి ఏది పడుతోందో కొలిచి చూసుకోవాల్సిందే.

దేనితో కొలవాలి? ముందు ఒక చిన్న లెక్క. ఒంట్లోని కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. రోజుకు 500 కేలరీలు తగ్గించి తింటే వారానికి 3,500, అంటే అర కిలో కూడా పూర్తిగా తగ్గదు. కానీ ఉప్పు ఎక్కువ పడినా, రాత్రి భోజనం ఆలస్యమైనా, విరేచనం కాకపోయినా, కొత్తగా వ్యాయామం చేసి కండరాలు నొప్పులు పుట్టినా మర్నాటికి కిలో దాకా తేడా కనిపించవచ్చు. పిండిపదార్థాన్ని శరీరం గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. ప్రతి గ్రాముకూ దాదాపు 3 గ్రాముల నీరు దాని వెంటే ఉంటుంది. మొదటి వారం గబగబా తగ్గేది ముఖ్యంగా ఇదే. ఒకరోజు మామూలుగా తినగానే తిరిగి వచ్చేదీ ఇదే.

అందుకే వారానికోసారి తూకం చూసుకోవడం పైకి ప్రశాంతంగా కనిపించినా, నా లెక్కలో అది బలహీనమైన పద్ధతి. ఉదాహరణకు ఈ సోమవారం 78.2, వచ్చే సోమవారం 78.5 అనుకోండి. పెరిగామని దిగులు పడతాం. అదే రోజూ చూసి ఏడు అంకెల సగటు తీస్తే మొదటి వారం 78.3, రెండో వారం 77.9 రావచ్చు. అంటే తగ్గుతున్నట్టే! ఆ ఒక్క సోమవారం నీరు ఎక్కువ పట్టి ఉంటుంది, అంతే. రోజూ చూసేవాళ్లు కూడా నిన్నటితో ఇవాళ్టిని పోల్చకూడదు. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినక తాగకముందు, అదే మెషిన్ మీద చూసి రాసుకుని మర్చిపోవాలి. వారం చివర సగటునే చూడాలి. నెలసరిని బట్టి ఒంట్లో నీరు మారుతుంది కాబట్టి, ఆడవాళ్లు ఈ వారం సగటును పోయిన నెలసరి లెక్కలో అదే వారం సగటుతో పోల్చుకుంటే మరీ మంచిది.

నడుము టేపు మెల్లగా చెప్తుంది గానీ, మెషిన్ చెప్పలేనిది చెప్తుంది. బరువులు ఎత్తే వ్యాయామం కూడా చేస్తున్నవాళ్లలో కండ పెరిగి, కొవ్వు తగ్గి, బరువు ఉన్నచోటే ఉండవచ్చు. అలాంటప్పుడు నడుము కొలత సన్నబడుతూ వస్తుంది. పైగా గుండెకు, షుగర్‌కు ఎక్కువ ముప్పు తెచ్చేది పొట్ట లోపలి కొవ్వే. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట బిగించకుండా కొలవాలి. టేపు కాస్త పైకీ కిందకీ జరిగినా సెంటీమీటరో రెండో మారిపోతుంది కాబట్టి రెండుసార్లు కొలిచి సగటు రాసుకోండి. రెండు వారాలకోసారి చాలు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలన్నది గుర్తుపెట్టుకోవడానికి తేలికైన గురి.

కొవ్వు శాతం చూపించే మెషిన్లు ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి అంచనా వేస్తాయి. తాగిన నీటిని బట్టి అంకె మారిపోతుంది, దాన్ని అంతగా పట్టించుకోకండి. ఫొటోలు తీసుకుంటే నెలకొకటి, ఒకే వెలుతురులో తీసుకోండి. తిన్నది రాసుకోవడం మంచి అలవాటే గానీ, దాన్నే కొలమానంగా పెట్టుకోలేం. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదన్నవాళ్లను పరీక్షిస్తే, చెప్పినదానికంటే నిజంగా తిన్నది చాలా ఎక్కువని 1992లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. వాళ్లు అబద్ధం చెప్పారనుకోనక్కర్లేదు. తిన్నది గుర్తుపెట్టుకోవడం అంత కష్టం.

నా ఓటు రోజువారీ తూకపు సగటుకూ, దానికి తోడు టేపుకూ. అయితే ఇది అందరికీ కాదు. అంకె చూడగానే టెన్షన్ పడి ఆ పూట తిండి మానేసేవాళ్లు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్లు మెషిన్ జోలికి పోకుండా టేపుతోనే సరిపెట్టుకోవడం మేలు. ఇన్సులిన్ గానీ, షుగర్ తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు డైట్ మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. తిండి తగ్గి మందు డోసు అలాగే ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

నాలుగు వారాల పాటు సగటూ కదలక, నడుమూ తగ్గకపోతే అప్పుడు డైట్‌లో మార్పు చేయండి. రెండింటిలో ఏ ఒక్కటి దిగుతున్నా, ఉన్నదాన్నే కొనసాగించండి.