అంటించని బ్రిడ్జి: నా మాండొలిన్‌తో మూడేళ్లు

మాండొలిన్‌లో ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ, ఒకప్పుడు నన్ను మూడు రోజులు సరిగ్గా నిద్రపోనివ్వనిదీ ఒకటే: బ్రిడ్జి, అంటే పై చెక్క మీద తీగలు ఆనుకునే చిన్న ముక్క. నా గిటార్‌కి బ్రిడ్జిని పై చెక్కకి జిగురుతో అంటించేశారు. పన్నెండేళ్లు వాయించినా దాని గురించి ఆలోచించాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. ఈ మాండొలిన్‌కి అలా అంటించరు. జిగురుండదు, స్క్రూలుండవు. పైనుంచి తీగలు నొక్కిపెడుతుంటే నిలబడి ఉంటుంది, అంతే. కొనేముందు ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇందులో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జంటలు, జంటలో రెండూ ఒకే శ్రుతి. ఇలాంటి మిగతా వివరాలు వదిలేస్తాను. నాది ఎ-స్టైల్, అంటే నీటిబొట్టు ఆకారంలో ఉండేది, ఎఫ్ ఆకారపు రంధ్రాలున్నది. ఒక పక్క శంఖంలా మెలి తిరిగే ఎఫ్-స్టైల్‌ని చూస్తే మనసు లాగుతుంది, నిజమే. కానీ ఆ మెలిక వల్ల నాదంలో వచ్చే తేడా నా చెవికి అందలేదు. ఆ డబ్బు మిగిల్చి మంచి సెటప్ (తీగల ఎత్తు, బ్రిడ్జి వగైరా సరిచేయించడం) చేయించుకోవడం మేలని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే మాట.

మొదటి వారం సంబరం ఇంతా అంతా కాదు. గిటార్‌లో లావు తీగలు నాలుగూ వరసగా ఇ, ఎ, డి, జి. మాండొలిన్‌లో జి, డి, ఎ, ఇ. అంటే అవే తిరగేసినట్టు. కార్డు అంటే కలిపి మోగించే స్వరాల గుంపు. గిటార్ జి కార్డుకి ఆ నాలుగు తీగల మీద 3-2-0-0 పడుతుంది (అంకె ఎన్నో ఫ్రెట్ దగ్గర, అంటే నెక్ మీది ఎన్నో లోహపు గీత దగ్గర నొక్కాలో చెబుతుంది, 0 అంటే నొక్కని తీగ). దాన్నే తిరగేసి 0-0-2-3 పట్టుకుంటే మాండొలిన్ జి కార్డు. సి కూడా అంతే, 0-2-3-0. డి అయితే తిరగేసినా మారదు, 2-0-0-2. కొన్న రోజు సాయంత్రానికే మూడు కార్డులతో పాటకి తోడు వాయించేశాను. గిటార్ వచ్చినవాళ్లకి మాండొలిన్ వారం రోజుల పని అని కనబడిన వాళ్లందరికీ చెప్పాను కూడా.

ఆ మాట ఇప్పుడు అనను. కార్డుల వరకు ఆ చిట్కా పనిచేస్తుంది, పాట వరస వాయించబోతే అదే అడ్డం పడుతుంది. పక్కపక్క తీగల మధ్య గిటార్‌లో చాలావరకు అయిదు ఫ్రెట్ల దూరం, ఇక్కడ ఏడు. వేలికో ఫ్రెట్ అన్న గిటార్ లెక్క కుదరదు. వయొలిన్‌లోలాగా ఒక్కో వేలు రెండేసి ఫ్రెట్లు చూసుకోవాలి. నేనేమో ప్రతి స్వరాన్నీ ముందు గిటార్ మీద ఊహించుకుని, దాన్ని తిరగేసుకుంటూ ఆరు నెలలు పోగొట్టుకున్నాను. గిటార్ రాదనుకుని సరళీ వరసల నుంచి మొదలుపెట్టాకే చెయ్యి కదిలింది. తీగలు మీటే పిక్ కూడా మార్చాల్సి వచ్చింది. గిటార్‌కి వాడే 0.7 మి.మీ. పిక్‌తో జంట తీగల మీద టకటకమని ప్లాస్టిక్ చప్పుడే వినబడేది. మొన గుండ్రంగా ఉన్న 1.4 మి.మీ. పిక్ పట్టాక చెక్క పలికింది.

ఇక బ్రిడ్జి సంగతి. నాలుగో నెలలో తీగలు మసకబారాయని కొత్తవి వేద్దామని కూర్చున్నాను. గిటార్‌కి ఎప్పుడూ చేసేదే చేశాను: అన్నీ వదులు చేసి, అన్నీ ఒకేసారి తీసేసి, ఫ్రెట్‌బోర్డు తుడుచుకోవడం. ఏడో తీగ దాకా ఏమీ కాలేదు. ఎనిమిదోది వదులు కాగానే ఒళ్లో ఏదో పడింది. చూస్తే బ్రిడ్జి. నల్లటి చెక్క ముక్కలు రెండు, వాటి మధ్య చొక్కా గుండీ అంత ఇత్తడి చక్రాలు రెండు. గుండె గుభేలుమంది. విరగ్గొట్టేశాననే అనుకున్నాను. అది ఉన్న చోట వేలితో తడిమి చూశాను. నున్నగా ఉంది, ఎండిన జిగురు గరుకు ఎక్కడా తగల్లేదు. అప్పటికి గానీ దాన్ని అసలు అంటించనే లేదని అర్థం కాలేదు.

రెండు ఎఫ్ రంధ్రాల మధ్య, కంటికి సరిపోయిందనిపించిన చోట నిలబెట్టి తీగలు ఎక్కించాను. ఆ తీగలతోనూ కొత్త తంటా. గిటార్ తీగ చివర చిన్న గుండు ఉంటుంది, వీటికి ఉచ్చు ఉంటుంది. కొక్కేనికి తగిలించి, బిగిసేదాకా వేలితో నొక్కి పట్టుకోకపోతే జారిపోతుంది. గంటన్నర పట్టింది. చివరికి శ్రుతి చూపించే ట్యూనర్‌లో ఎనిమిదికి ఎనిమిదీ పచ్చగా వెలిగాయి.

జి కార్డు కొట్టాను, ఫరవాలేదు. ఏడో ఫ్రెట్ దాకా వెళ్లేసరికి శ్రుతి పక్కకి పోయింది. పన్నెండో ఫ్రెట్ దగ్గరైతే వినలేకపోయాను. పైగా జి తీగలు జర్రుమంటున్నాయి, ఇ తీగలు వేలిని కోసేంత ఎత్తులో ఉన్నాయి. మళ్లీ శ్రుతి చేశాను, మళ్లీ అదే. ఖాళీ తీగలన్నీ కరెక్టుగా ఉంటాయి, నొక్కితే తప్పు. మూడు రోజులు ఇదే టెన్షన్. కొత్త తీగలు మంచివి కావేమో అనుకున్నాను, నెక్ వంగిందేమో అనుకున్నాను, చివరికి నా చెవినే అనుమానించాను.

మా పెద్దమ్మ కొడుకు వయొలిన్ వాయిస్తాడు. వీడియో కాల్‌లో చూపించాను.

"బ్రిడ్జి ఎటు తిప్పి పెట్టావే?" అన్నాడు.

"ఎటు పెడితే ఏముంది అన్నయ్యా, రెండు వైపులా ఒకేలా ఉందిగా?"

"ఒకేలా ఎందుకుంటుంది? తీగలు కూర్చునే గాట్లు దగ్గరగా చూడు."

లైటు వేసి చూశాను. సన్నటి ఇ తీగలు రెండూ వెడల్పాటి గాట్లలో వదులుగా పడి ఉన్నాయి. లావుపాటి జి తీగలేమో ఇరుకు గాట్లలోకి దిగలేక అంచు మీద కూర్చున్నాయి. జర్రుమన్నది అందుకే. జి వైపు కాస్త ఎత్తు ఎక్కువగా పెట్టిన చక్రం ఇ వైపుకి వచ్చింది, వేలు కోసుకుపోయింది అందుకే. బ్రిడ్జి పాదం కింద సన్న కాగితం ముక్క దూర్చి చూడమన్నాడు. ఒక మూల సులువుగా దూరిపోయింది. పై చెక్క వంపుకి అతికినట్టుండేలా ఆ పాదాన్ని చెక్కుతారు, తిప్పి పెడితే ఆ వంపు కలవదు.

తిప్పి పెట్టాక మిగిలింది చోటు వెతకడం. పన్నెండో ఫ్రెట్ మీద తీగని తాకీ తాకనట్టు ఆనించి హార్మోనిక్ అనే సన్నటి స్వరం మోగించాలి. తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటి, రెండిటినీ పోల్చాలి. నొక్కిన స్వరం హెచ్చుగా వస్తే బ్రిడ్జిని టెయిల్‌పీస్ (తీగల ఉచ్చులు తగిలించే కొక్కేలున్న కింది చివర) వైపు జరపాలి, తగ్గుగా వస్తే నెక్ వైపు. నాది దాదాపు 20 సెంట్లు హెచ్చుగా ఉంది (ఒక ఫ్రెట్ తేడాలో నూరో వంతు ఒక సెంటు). మాండొలిన్ తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లే కాబట్టి, బ్రిడ్జి ఒక్క మిల్లీమీటరు జరిగితే పన్నెండో ఫ్రెట్ దగ్గర 5 సెంట్ల దాకా తేడా వస్తుంది. గిటార్‌లో దాదాపు అందులో సగమే. అంటే నేను కంటి అంచనాతో పెట్టిన చోటు నాలుగు మిల్లీమీటర్లు తప్పు. తీగలు కాస్త వదులు చేయడం, రెండు బొటనవేళ్లతో వెంట్రుకవాసి జరపడం, మళ్లీ బిగించి వినడం. ఆ సాయంత్రమంతా అదే పని. చివరికి హార్మోనిక్, నొక్కిన స్వరం రెండూ ఒకటయ్యాయి. అప్పుడు జి కార్డు కొడితే మాండొలిన్ వీపు నా పొట్టకి ఆనిన చోట ఆ కంపనం తెలిసింది. అంతకుముందు నాలుగు నెలల్లో ఎప్పుడూ అలా తెలియలేదు. బహుశా కొన్నప్పుడే ఆ బ్రిడ్జి ఉండాల్సిన చోట లేదు.

అప్పటినుంచీ ఈ అంటించని ముక్కంటే నాకు ప్రాణం. గిటార్‌లో ఇలాంటి తేడా వస్తే బాగుచేసేవాళ్ల దగ్గరికి మోసుకెళ్లాలి, ఇక్కడ నా వేళ్లతో నేనే సరిచేసుకోగలను. గాలిలో తేమ పెరిగి పై చెక్క ఉబ్బితే తీగలు పైకి లేస్తాయి. కాస్త వదులు చేసి చక్రాలు పావు చుట్టు తిప్పి దించుకుంటాను. పొడిగాలి మొదలయ్యాక మళ్లీ పైకి.

ఇంత మెచ్చుకుంటున్నాను గానీ, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. తీగ బిగించిన ప్రతిసారీ అది బ్రిడ్జి తలని కొంచెం నెక్ వైపు లాగుతుంది. నెలకోసారైనా పక్కనుంచి చూసి నిటారుగా నిలబెట్టుకోకపోతే వాలిపోతుంది. మెత్తటి సంచిలో వేసుకుని తిరగడం కూడా మానేశాను. బ్రిడ్జి మీద దెబ్బ పడకుండా గట్టి కేసు ఉండాల్సిందే. దీనికి తోడు జంట తీగల శ్రుతి. 440 హెర్ట్జ్‌లో ఉండే ఎ జంటలో రెండు తీగల మధ్య నాలుగు సెంట్ల తేడా ఉన్నా సెకనుకోసారి నాదం ఊగుతూ వినబడుతుంది. ట్యూనర్ పచ్చదీపం చాలదు. ఒకదాన్ని ట్యూనర్‌తో చేసి, రెండోదాన్ని చెవితో దానికి కలుపుకోవాలి. రోజూ పది నిమిషాలు దీనికే పోతాయి. నాకు ఆ పది నిమిషాలు ఇష్టం. గిటార్ తీసి వెంటనే వాయించే అలవాటున్నవాళ్లకి విసుగు పుట్టొచ్చు.

ఇంకో సంగతి, కొనేముందు నాకు తెలిసి ఉండాల్సింది. మాండొలిన్ అనగానే మన చెవుల్లో మోగేది ఉప్పలపు శ్రీనివాస్ గారి వాద్యమే. నేనూ అదే మనసులో పెట్టుకుని కొన్నాను. ఆయన వాయించింది అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. జంట తీగల మీద పక్కకి లాగి గమకం పలికిద్దామంటే రెండు తీగలూ ఒకే కొలతలో సాగవు, వాటిలో వాటికే శ్రుతి చెడుతుంది. నాదం కూడా త్వరగా ఆరిపోతుంది, నిలబెట్టాలంటే పిక్‌తో ట్రెమొలో (ఒకే స్వరాన్ని వేగంగా మళ్లీ మళ్లీ మీటడం) వేయాల్సిందే. కర్ణాటక సంగీతం కోసమే కొనాలనుకునేవాళ్లు ముందు ఎలక్ట్రిక్ వాయించి చూడండి.

నా వరకైతే మళ్లీ కొనమన్నా ఇదే కొంటాను. నా వేళ్లు సన్నవి, నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర మూడు సెంటీమీటర్ల వెడల్పు కూడా లేని నెక్ నాకు సరిపోయింది. అయినా 7-5-2-3 చాప్ కార్డుకి (తాళంలా టక్కున కొట్టి ఆపేసే కార్డు) రెండో ఫ్రెట్ నుంచి ఏడో ఫ్రెట్ దాకా చెయ్యి చాపడానికి మూడు నెలలు పట్టింది. సాయంత్రం నాకో గంట తీరిక దొరుకుతుంది, ఒంటరిగా వాయించుకుంటాను, పక్కన గిటార్ ఎలాగూ ఉంది. ఈ మూడూ లేనివాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు. కొనేవాళ్లు మాత్రం డబ్బు ఇచ్చేముందు పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌ని, నొక్కిన స్వరాన్ని మీ ఎదుటే పోల్చి చూపించమనండి.

మొన్న మళ్లీ తీగలు మార్చాను. ముందే బ్రిడ్జి పాదాల మూలల దగ్గర కాగితపు టేపు చిన్న ముక్కలు గుర్తుగా అంటించుకున్నాను. ఒక జంట తీసి, కొత్త జంట వేసి బిగించాకే పక్క జంట జోలికి వెళ్లాను. మధ్యలో చూస్తే పాదాల వెంట సన్నటి దుమ్ము గీత కనబడింది. మెత్తటి కుంచెతో తుడిచాను, బ్రిడ్జికి మాత్రం చెయ్యి తగలనివ్వలేదు.