500 పెల్లెట్ల డబ్బా: ధరలు పెరిగాక ఏది కొనాలి, ఏది వదిలేయాలి

విజయనగరంలో గాని శ్రీకాకుళంలో గాని పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లల ఇళ్ళలో ఇప్పుడు అసలు ఖర్చు పెల్లెట్లది, అంటే రైఫిల్‌లో పెట్టి పేల్చే చిన్న సీసపు గుళ్ళది. రైఫిల్ ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి ఉంటుంది, లేదంటే కోచింగ్ సెంటర్‌దే వాడుకోవచ్చు. పెల్లెట్ పేల్చాక మళ్ళీ పనికిరాదు. మ్యాచ్ లెక్కన 60 షాట్లు, వాటికి ముందు గురి సరిచూసుకునే సైటర్లు ఇంకో 15, 20. రోజుకి 80 అనుకుంటే 500 పెల్లెట్ల డబ్బా ఆరు రోజులకి ఖాళీ. నెలకి ఇరవై రోజులు సాధన చేసే పిల్లకి 1600 పెల్లెట్లు, అంటే మూడు డబ్బాలు పూర్తిగా, నాలుగో దాంట్లోంచి వంద.

మంచి మ్యాచ్ పెల్లెట్లు ఎక్కువగా జర్మనీవే. హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10 రెండూ అక్కడివే. 2024లో యూరో సుమారు 90 రూపాయలుండేది, 2025లో వంద దాటింది. అక్కడ 10 యూరోలకి బిల్లు వేసిన డబ్బా ఉందనుకోండి. అప్పుడు 900 అయ్యేది, ఇప్పుడు వెయ్యి దాటుతుంది. ఆ పైన కస్టమ్స్, జీఎస్టీ, దిగుమతిదారు లాభం, దుకాణం లాభం అన్నీ పెరిగిన మొత్తం మీదే పడతాయి. అందుకే అక్కడి ధర కదలకపోయినా ఇక్కడ కదులుతుంది.

కొరత సంగతి వేరు. మన రెండు ఊళ్ళలో క్రీడా సామగ్రి దుకాణాలకి వెళ్తే దొరికేవి ఎక్కువగా సూది మొన పెల్లెట్లు, పిట్టల తుపాకీ రకం. చదును తల మ్యాచ్ పెల్లెట్లు కావాలంటే విశాఖపట్నమో, హైదరాబాదో, ఆన్‌లైనో దిక్కు. ఆన్‌లైన్‌లో స్టాక్ వచ్చినప్పుడే కొనుక్కోవాలి. పైగా ఈసారి వచ్చిన తల సైజు (పెల్లెట్ ముందు భాగం వ్యాసం) వచ్చేసారి వస్తుందని భరోసా లేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

తల సైజు ఎందుకింత ముఖ్యమో చెప్పాలి. పేరుకి అన్నీ 4.5 మిల్లీమీటర్లే. కానీ ఫినాలే మ్యాచ్ 4.49, 4.50, 4.51 అని విడివిడిగా వస్తుంది, డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది. ఒక బ్యారెల్‌కి 4.49 కుదిరితే, అదే కంపెనీ రెండో రైఫిల్‌కి 4.50 కుదరొచ్చు. పరీక్షకి రైఫిల్‌ని శాండ్‌బ్యాగుల మీద గాని, బెంచి వైస్‌లో రబ్బరు పెట్టి గాని కదలకుండా బిగించాలి. బ్రాండ్ మార్చిన ప్రతిసారీ ముందు ఫెల్ట్ ముక్కలతో బ్యారెల్ తుడిచి, ఓ 20 షాట్లు లెక్కలోకి తీసుకోకుండా వదిలేయాలి. ఆ తర్వాత ఒకే చోటికి ఐదేసి షాట్లు ఒక గ్రూపుగా, కనీసం నాలుగు గ్రూపులు. ఒక్క గ్రూపు చూసి తీర్పు ఇవ్వకూడదు, అదృష్టం కూడా ఉంటుంది. ఐదు షాట్లూ కలిసి చేసిన రంధ్రం ఈ అంచు నుంచి ఆ అంచుకి 6 మి.మీ. లోపు నిలకడగా వస్తే ఆ పెల్లెట్ ఆ రైఫిల్‌ది. 8 దాటుతుంటే ఎంత ఖరీదైన డబ్బా అయినా పక్కన పెట్టండి.

ఎందుకంటే రైఫిల్ టార్గెట్‌లో నడిమధ్య పది పాయింట్ల రింగు వ్యాసం అర మిల్లీమీటరే. ఒక పాయింటుకీ ఇంకో పాయింటుకీ మధ్య దూరం 2.5 మి.మీ., దశాంశ స్కోరులో 0.1కి పావు మిల్లీమీటరు. పెల్లెట్ వల్ల ఒక మిల్లీమీటరు పక్కకి పడితే 0.4 పోయినట్టే. పిస్టల్‌కి పది రింగు 11.5 మి.మీ., ఒక్కో రింగు మధ్య 8 మి.మీ. అదే ఒక మిల్లీమీటరు తప్పు పిస్టల్‌లో 0.1 దగ్గర ఆగిపోతుంది. ఈ లెక్క పట్టుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. పిస్టల్ నేర్చుకునే పిల్లలకి మొదటి ఏడాది ఫినాలే మ్యాచ్ కొనడం దండగ. ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ, 0.45 గ్రాములది, వాళ్ళకి బాగా సరిపోతుంది.

రైఫిల్‌కైతే 0.53 గ్రాముల రకమే తీసుకోండి. ఆర్10 కూడా రైఫిల్‌కి 0.53, పిస్టల్‌కి 0.45 అని రెండు బరువుల్లో ఉంది. ఆన్‌లైన్ ఆర్డర్లలో ఇవి తారుమారవుతుంటాయి. డబ్బా రాగానే లోపలి పెల్లెట్లు మాత్రం తూచండి. 0.53 రకం ఐదు వందలు 265 గ్రాములు, 0.45 రకం 225. నలభై గ్రాములు తేడా కనిపిస్తే రకం మారిందనో లెక్క తగ్గిందనో అర్థం, సీలు విప్పే వీడియో ఉంటే వాపసు అడగడం తేలిక.

చైనా నుంచి వచ్చే చియాంగ్ యువాన్ మ్యాచ్ పెల్లెట్లని చులకన చేయడం సరికాదు. మంచి లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) పడితే రాష్ట్ర స్థాయి వరకు నిశ్చింతగా వాడొచ్చు. కాకపోతే లాట్‌కీ లాట్‌కీ తేడా కనిపిస్తుంది. అందుకని ముందు ఒక డబ్బా తెప్పించి పరీక్షించి, నచ్చితే అదే లాట్ నంబరు అడిగి మిగతావి కొనాలి. చవగ్గా వచ్చే పేరులేని చదును తల పెల్లెట్లలో మాత్రం వెనక భాగమైన స్కర్టు అంచులు మెలిపడి ఉండటం, సీసం పొడి రాలడం మామూలు. నిలబడి శరీర భంగిమ సరిచేసుకునే తొలి నెలలకి అవి చాలు, స్కోరు రాసుకునే రోజుకి వద్దు.

స్కర్టు సంగతి వచ్చింది కాబట్టి పార్శిల్ గురించి కూడా. పెల్లెట్ వెనక గుల్లగా ఉండే పల్చని అంచే గాలిని పట్టి బ్యారెల్‌కి అతుక్కునేది. ఆ అంచు నొక్కుకుపోతే గాలి ఒక పక్క నుంచి జారిపోయి వేగం మారుతుంది, పెల్లెట్ వంకరగా బయటికొస్తుంది. లారీలో కుదుపులకి డబ్బా లోపల ఖాళీ ఉంటే ఇవి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మూత కింద స్పాంజి లేని డబ్బాలు పంపేవాళ్ళని, పంపేముందు ఒక ఫోమ్ ముక్క పెట్టమని అడగండి. వచ్చాక తెల్ల గుడ్డ మీద పరిచి, అంచు పోయినవి ఏరి సైటర్లకి ఉంచుకోండి. తూచి వేరుచేయాలనుకుంటే 0.001 గ్రాము చూపే తూకమే కావాలి. 0.01 తూకంతో అరగ్రాము వస్తువుని వర్గీకరించలేం.

ఖర్చు తగ్గే దారి డ్రై ఫైరింగ్. మ్యాచ్ రైఫిళ్ళలో పెల్లెట్టూ గాలీ లేకుండా ట్రిగ్గర్ నొక్కే ఏర్పాటు ఉంటుంది. రోజు సాధనలో సగం దానికి ఇస్తే నెలకి 800 పెల్లెట్లు మిగులుతాయి, ట్రిగ్గర్ కూడా బాగుపడుతుంది. స్ప్రింగ్ రైఫిల్‌తో ఈ పని చేయకండి. పెల్లెట్ లేకపోతే పిస్టన్‌ని ఆపే గాలి దిండు ఏర్పడదు, అది నేరుగా చివరికి కొట్టుకుని సీలు, స్ప్రింగు దెబ్బతింటాయి.

టార్గెట్ వెనక పెల్లెట్లు పట్టే ట్రాప్‌లో పోగైన సీసం కరిగించి మళ్ళీ పెల్లెట్లు పోసుకుందామనే ఆలోచన ధరలు పెరిగినప్పుడల్లా వస్తుంది. దయచేసి వద్దు. తలలో నూరోవంతు మిల్లీమీటరు తేడా చూసే వస్తువు ఇంటి అచ్చుతో కుదరదు, ఇంట్లో సీసం పొగ పిల్లలకి విషం. ఆ సీసం పాత సామాన్ల కొట్టుకి అమ్మి, ట్రాప్ శుభ్రం చేశాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

తూటాలు ఇంట్లో నింపుకునే అలవాటు అమెరికాలో ఉంది. మన దగ్గర ఆ దారి లేదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం. తూటాలతో పేలే పాయింట్ 22 రైఫిల్‌కి మారాలనుకునే పిల్లల తల్లిదండ్రులు ఇది ముందే గుర్తుంచుకోవాలి. ఆ తూటా ఖాళీ గొట్టాన్ని మామూలు పద్ధతిలో మళ్ళీ నింపడానికీ వీల్లేదు, నిప్పు రాజేసే మందు దాని అంచులోనే ఉంటుంది.

ఎంత కొనాలి అంటే, సైజు తేలాక ఒకే లాట్‌వి ఆరు నెలలకి సరిపడా. డ్రై ఫైరింగ్‌తో రైఫిల్ పిల్లకి పది డబ్బాలు. ఒక్క ఇంటికి అది భారమే, అందుకని విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు ఒకే సైజు వాడేవాళ్ళు నలుగురు కలిసి తెప్పించుకుంటే కొరియర్ ఖర్చు పంచుకోవచ్చు, దుకాణం కూడా లాట్ విడగొట్టకుండా ఇస్తుంది. పార్శిల్ మీద ‘ఎయిర్ రైఫిల్ క్రీడా పెల్లెట్లు, మందు లేదు’ అని స్పష్టంగా రాయించండి. ఉత్త గుళ్ళు అని ఉంటే కొన్ని కొరియర్లు తీసుకోవడానికి వెనకాడతాయి. మన సముద్రపు గాలికి సీసం తెల్లగా బూజు పట్టినట్టవుతుంది, అలాంటివి బ్యారెల్‌లోకి ఎక్కించకూడదు. వాడని డబ్బాలని గాలి చొరని ప్లాస్టిక్ పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, వానాకాలంలో నెలకోసారి పొట్లాలు ఎండబెట్టి మళ్ళీ పెట్టండి.