స్టోక్‌లో డ్రా: ఒక పాయింట్ వచ్చిందా, రెండు పోయాయా?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటే. అందుకే స్టోక్ సిటీ క్లబ్ మైదానంలో డ్రా అయిన ప్రతిసారీ మన ఆర్సెనల్ క్లబ్ అభిమానుల్లో ఇదే గొడవ. 2012 ఏప్రిల్‌లో జరిగిన 1-1 మ్యాచ్‌నే తీసుకోండి: స్టోక్ ఆటగాడు క్రౌచ్ హెడర్‌తో (తలతో కొట్టి) గోల్ చేశాడు, కాసేపటికే మన వాన్ పెర్సీ సమం చేశాడు, ఇక అక్కడి నుంచి ఎంత లాగినా రెండో గోల్ రాలేదు.

"పాయింట్ చాలు" అనేవాళ్ల మాట: 2008లో ఇక్కడే 2-1తో ఓడాం. స్టోక్ ఆటగాడు డెలాప్ టవల్‌తో బంతి తుడుచుకుని సైడ్‌లైన్ నుంచి నేరుగా గోల్ ముందుకి విసిరేవాడు, రెండు గోల్సూ అలా పడినవే.
"రెండు పోయాయి" అనేవాళ్ల మాట: స్టోక్ ఎలా ఆడుతుందో ముందే తెలిసినప్పుడు క్రౌచ్‌కి ఆ హెడర్ ఎందుకు వదిలేశారు?

రిస్క్: గెలుపు కోసం ఎగబడితే వెనకాల ఖాళీ, పైగా దెబ్బలు. 2010లో 3-1తో గెలిచాం కానీ మన రామ్సీ కాలు విరిగింది.
నష్టం: సర్దుకుపోతే టైటిల్ మెల్లగా జారిపోతుంది.
శ్రమ: బయట కూర్చుని తిట్టడం తేలికే లెండి, గెలవడమే కష్టం.

నన్నడిగితే, టైటిల్ రేసులో ఉంటే కోపం న్యాయమే. టాప్ ఫోర్ (మొదటి నాలుగు స్థానాల్లో ఒకటి) కోసం కొట్టుకుంటుంటే మాత్రం పాయింట్ జేబులో వేసుకుని బస్సెక్కాలి. ఆ 2012 డ్రా జరిగిన సీజన్‌లో మనం 70 పాయింట్లతో మూడో స్థానం, టోటెన్‌హామ్ 69తో నాలుగో స్థానం, పైగా చెల్సీ యూరప్ పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ గెలవడంతో ఆ నాలుగో స్థానానికి తర్వాతి ఏడు ఆ టోర్నీలో చోటే లేకుండా పోయింది. ఆ ఒక్క పాయింట్ విలువ అదీ.