‘ఎ మూన్ షేప్డ్ పూల్’: ఇన్నేళ్ళు విన్నాక

ముందే ఒక మాట. నిన్నగాక మొన్న మనసు విరిగి, కసితీరా ఏడవడానికి పాటలు వెతుక్కుంటున్నవాళ్ళకి ఇంగ్లండ్ రాక్ బ్యాండు రేడియోహెడ్ వాళ్ళ ‘ఎ మూన్ షేప్డ్ పూల్’ పెద్దగా పనికిరాదు. ఇందులో గుండెలు బాదుకోవడం లేదు, గొంతు చించుకోవడం అసలే లేదు. ఏడుపంతా అయిపోయి, మొహం కడుక్కుని, ఏదో ఒక ఆదివారం అల్మారా సర్దుకుంటుంటే పాత సామాను చేతికి తగులుతుంది చూడండి, ఆ పూట వినాల్సిన ఆల్బమ్ ఇది.

2016 మే 8న వచ్చింది. దానికి వారం ముందు బ్యాండు వాళ్ళు తమ వెబ్‌సైటూ, సోషల్ మీడియా పోస్టులూ అన్నీ తుడిచేసి కూర్చున్నారు. అభిమానులకి ఒకటే టెన్షన్. మే 3న ‘బర్న్ ద విచ్’, 6న ‘డేడ్రీమింగ్’, ఆ వెంటనే మొత్తం 11 పాటలు, 52 నిమిషాలు. ఆ హడావుడి ఎవరికీ గుర్తులేదిప్పుడు. ఆల్బమ్ మాత్రం నా దగ్గర మొదట ఫోన్లో, తర్వాత సీడీగా, ఆపైన ఎల్పీగా (పెద్ద గ్రామఫోను రికార్డుగా) మోగుతూనే ఉంది.

గాయకుడు థామ్ యార్క్, రేచల్ ఓవెన్ 23 ఏళ్ళు కలిసి ఉండి 2015లో విడిపోయారు. ఇద్దరు పిల్లలు. ఆవిడ చిత్రకారిణి, ఇటలీ మహాకవి దాంతే మీద పనిచేసిన పండితురాలు. ఆల్బమ్ వచ్చిన ఏడాదే డిసెంబరులో క్యాన్సర్‌తో పోయారు. పాటల్లో ఆవిడ పేరు ఎక్కడా రాదు. ఏ పాట ఎవరి గురించో ఆరాలు తీయడం నాకు ఇష్టం ఉండదు. అయినా ఒకసారి తెలిశాక, తెలియనట్టు వినడం కుదరదు.

అసలు విశేషం ఏమిటంటే, ఈ ఎడబాటు ఆల్బమ్‌లో సగం పాటలు ఎడబాటుకి ముందువే. ‘ప్రెజెంట్ టెన్స్’ను యార్క్ 2009లోనే ఒంటరిగా గిటారు పట్టుకుని స్టేజీ మీద పాడారు. ‘ఫుల్ స్టాప్’, ‘ఐడెంటికిట్’ 2012 టూర్లో వాయించినవి. ‘బర్న్ ద విచ్’ వాళ్ళ దగ్గర అంతకన్నా ఎన్నో ఏళ్ళుగా మూలుగుతోంది. అప్పట్లో వాటిలో ఇంత బరువు వినిపించలేదు. ‘ఐడెంటికిట్’ పాత కచేరీ వీడియోలు చూడండి, కాళ్ళు ఆడించే పాట. ఇక్కడ అదే పాటలో ఆడగొంతులన్నీ ఒక్కసారిగా కలిసి, పగిలిన గుండెలే వాన కురిపిస్తాయని పదే పదే పాడుతుంటే ఊపు మిగిలే ఉంటుంది, సరదా మాత్రం పోతుంది. మాటలు అవే. పాడుతున్నవాడి జీవితం మారింది.

నేను ఎక్కువసార్లు విన్నది ‘డేడ్రీమింగ్’. ఆల్బమ్‌ను ఫ్రాన్స్ దక్షిణాన సెయింట్ రెమీ దగ్గర లా ఫాబ్రిక్ అనే స్టూడియోలో టేపు మీద రికార్డు చేశారు. ఒకప్పుడు రంగుల పొడులు తయారుచేసిన మిల్లు అది. ఈ పాట మొదట్లో టేపు వేగం తగ్గి, శబ్దం వంకర్లు తిరుగుతూ మెల్లగా సర్దుకుంటుంది. ఆ తర్వాత పియానో. ఆరు నిమిషాలకి పైగా సాగే పాటలో పియానో దాదాపు అదే నాలుగు ముక్కలు వాయిస్తుంది, చుట్టూ ఉన్నదే కాస్త కాస్తగా పెరుగుతుంది. చివర వయొలిన్లూ చెల్లోలూ కిందికి దిగుతూ దిగుతూ గురక లాంటి మోతగా మారుతాయి. దాని మీద వెనక్కి తిప్పిన గొంతు ఒకటి. తిరగేసి వింటే, నా జీవితంలో సగం అన్న మాట వినపడుతుంది. ఆల్బమ్ నాటికి యార్క్‌కి 47 ఏళ్ళు. 23ని రెట్టింపు చేసి చూసుకోండి.

దీని వీడియో తీసింది అమెరికన్ సినిమా దర్శకుడు పాల్ థామస్ ఆండర్సన్. తలుపు తర్వాత తలుపు తెరుచుకుంటూ ఒక మనిషి నడుస్తుంటాడు. ఎవరిదో వంటిల్లు, ఆసుపత్రి కారిడార్, లాండ్రీ, చివరికి మంచుకొండ మీద గుహ. ఆండర్సన్ అంతకు ముందు ఏడాది మన జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో కెమెరా పట్టుకుని తిరిగారు. ఈ బ్యాండు గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ అక్కడ రాజస్థానీ కళాకారులతో, ఇజ్రాయెల్ సంగీతకారుడు షై బెన్ సూర్‌తో కలిసి ఆల్బమ్ చేస్తుంటే డాక్యుమెంటరీ తీశారు. రికార్డింగ్ చూసుకున్నది రేడియోహెడ్ ప్రొడ్యూసర్ నైజెల్ గాడ్రిచే. ఆ కోటలోని డప్పుల మోతా, ఈ మంచుకొండా దాదాపు ఒకే కాలంలో ఒకే మనుషుల చేతిలోంచి వచ్చాయంటే వింతగానే ఉంటుంది.

వాడకం సంగతికి వస్తే, ఇది మన ఇళ్ళకి అంత అనువైన ఆల్బమ్ కాదు. మామూలు వేసవి మధ్యాహ్నం, సీలింగ్ ఫ్యాను ఐదు మీద తిరుగుతుంటే, స్పీకర్లో ‘డేడ్రీమింగ్’ మొదటి అర నిమిషం వినపడదు. ఒక ఫ్రెండుకి వినిపిస్తే, “ఏంట్రా, ఇంకా మొదలవలేదా?” అన్నాడు. వాల్యూమ్ పెంచుకుంటే తర్వాతి పాటల్లో డ్రమ్స్ చెవి మీద పడతాయి. బస్సులో, బండి మీద వినడం వృథా. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ కావాలి, రాత్రి పది దాటాలి. ఎల్పీ బాగుంటుంది గానీ రెండు డిస్కులు, నాలుగు వైపులు. సరిగ్గా మనసు కుదురుకునేసరికి లేచి తిప్పాలి. పైగా నాకు వచ్చిన మొదటి డిస్కు కాస్త వంగి ఉంది. ఆ వంకర శబ్దం టేపుదో డిస్కుదో తేల్చుకోవడానికి సీడీతో పక్కపక్కన పెట్టి వినాల్సి వచ్చింది. అమ్మినవాళ్ళు మార్చి ఇచ్చారు లెండి, చాలా రోజులు తిప్పించుకుని.

మొదటి పాట ‘బర్న్ ద విచ్’ మంచిదే. వయొలిన్లని గిటారు ప్లెక్ట్రమ్‌లతో, అంటే తీగలు మీటే చిన్న బిళ్ళలతో, కొట్టించారు, అందుకే ఆ టకటక. కానీ దాన్ని విని ఆల్బమంతా ఇలాగే పరిగెత్తుతుందనుకున్నవాళ్ళు రెండో పాటకే ఆపేస్తారు. ‘ద నంబర్స్’ వాతావరణ మార్పు గురించి. మాట మంచిదే గానీ, ఇన్నేళ్ళయినా నాకు ఆ పాట ఈ ఇంటి మనిషిలా అనిపించలేదు. ‘డెక్స్ డార్క్’ చివరి నిమిషం కోసం దాని మిగతా భాగాన్ని భరిస్తాను. ‘టింకర్ టైలర్’ అని మొదలయ్యే బారెడు పేరు పాటలో వయొలిన్లు వచ్చేదాకా ఓపిక పట్టాలి.

నిజంగా ఓపిక అక్కర్లేని పాట ‘గ్లాస్ ఐస్’. మూడు నిమిషాలు కూడా లేదు. ఒకతను ఫోన్ చేస్తాడు. నేనే, ఇప్పుడే రైలు దిగాను, ఇక్కడ భయంగా ఉంది అంటాడు. చుట్టూ మనుషుల మొహాలు సిమెంటు రంగులో కనిపిస్తాయి. వెనక్కి తిరిగిపోదామా అనుకుంటాడు. స్టేషన్ వదిలి కొండదారి పడతాడు. చివర్లో, ప్రేమ చల్లబడిపోతోందని తెలుస్తోంది అంటాడు. అంతే. అవతలివాళ్ళు ఏమన్నారో మనకి తెలీదు, అసలు ఫోన్ ఎత్తారో లేదో కూడా చెప్పడు. లండన్ కాంటెంపరరీ ఆర్కెస్ట్రా వయొలిన్లు అతని వెనకాలే నడుస్తాయి, ఎక్కడా మీద పడవు. గ్రీన్‌వుడ్ సినిమా సంగీతం ఎంత చేసినా ఇంత పొదుపుగా ఇంకెక్కడా రాయలేదని నా అభిప్రాయం.

పాటలన్నీ ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేర్చారు. అందువల్ల చివర వచ్చేది ‘ట్రూ లవ్ వెయిట్స్’. 1995 డిసెంబరులో బ్రసెల్స్ కచేరీలో మొదటిసారి పాడిన పాట. మధ్యలో స్టూడియోలో ప్రయత్నించి పక్కన పెట్టేశారు. 2001లో లైవ్ రికార్డింగుగా మాత్రం వచ్చింది, ఒక్క గిటారుతో. నేను ముందు ప్రేమించింది ఆ వెర్షన్నే. అందులో ఒక కుర్రాడు నీ కోసం నమ్మకాలు వదిలేస్తాను, వెళ్ళిపోకు అని బతిమాలతాడు. లాలీపాప్‌లూ చిప్సూ తింటూ ఎదురుచూసే పిల్లాడి మాట ఒకటి వస్తుంది. గిటారు గట్టిగా మోగుతుంటుంది కాబట్టి, ఆమె ఉండిపోతుందిలే అనిపిస్తుంది.

2016లో గిటారు తీసేశారు. పియానోలు ఒకదానికొకటి అందకుండా, లెక్క తప్పినట్టు మోగుతుంటాయి. ఒక్క మాట మార్చలేదు. వెళ్ళిపోకు అన్న మాట ఇప్పుడు వెళ్ళిపోయినవాళ్ళతో అంటున్నట్టుంది. దీన్ని విన్నాక పాత వెర్షన్ పెడితే, నాకు ఆ కుర్రాడి మీద జాలేసింది. అంతకు ముందెప్పుడూ వేయలేదు. పాత కచేరీ వెర్షనే గొప్పదని వాదించే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. పాటగా అదే మేలని నేనూ ఒప్పుకుంటాను, ట్యూను అందులోనే నిలబడుతుంది. కానీ ఈ ఆల్బమ్ చివర అది పెడితే అతకదు. ముందు ఇక్కడి పది పాటలూ వినకుండా ఈ కొత్తది ఒక్కటే విన్నా అంతే, సగమే అందుతుంది. షఫుల్‌లో పెట్టేవాళ్ళు దీని జోలికి రాకపోవడం మంచిది.

ఓదార్పు అసలు లేదా అంటే, ‘డెజర్ట్ ఐలాండ్ డిస్క్’ ఉంది. గాఢనిద్ర నుంచి లేచినవాడు తలుపు తీసుకుని గాలిలోకి నడుస్తూ, ప్రేమల్లో చాలా రకాలు సాధ్యమే అనుకుంటాడు. నాకు ఇది మొదట్లో చప్పగా అనిపించింది. ఇప్పుడు ఆల్బమ్‌లో ఎక్కువగా తిప్పి తిప్పి వినేవాటిలో ఒకటి.

కొనేవాళ్ళకి: స్పెషల్ ఎడిషన్‌లో ‘ఇల్ విండ్’, ‘స్పెక్టర్’ అని రెండు పాటలు అదనం. ‘స్పెక్టర్’ జేమ్స్ బాండ్ సినిమా కోసం చేసి, వాళ్ళు వాడుకోకపోతే 2015 క్రిస్మస్ రోజున ఉచితంగా వదిలారు. రెండూ బాగానే ఉంటాయి, కానీ వాటికోసం అంత డబ్బు పెట్టక్కర్లేదు. మామూలు సీడీ తీసుకోండి, మిగిలిన డబ్బు హెడ్‌ఫోన్స్ మీద పెట్టండి.