గర్భిణి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అనుమానం: సీటీ స్కాన్ మేలా, వి-క్యూ స్కాన్ మేలా?

నెలలు నిండేకొద్దీ ఆయాసం, గుండె దడ, కాళ్ల వాపు చాలామందికి ఉండేవే. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడినా ఇవే కనిపిస్తాయి. అందుకే ఆయాసం ఉన్నట్టుండి మొదలైనా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చినా, దగ్గితే రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. కాన్పయ్యాక తొలి వారాల్లో అది ఇంకా పెరుగుతుంది.

తేల్చడానికి ప్రధానంగా రెండు స్కాన్లున్నాయి. సీటీ పల్మనరీ యాంజియోగ్రఫీలో చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఊపిరితిత్తుల రక్తనాళాలను చూస్తారు. తెల్లగా వెలిగే నాళంలో గడ్డ నల్లటి మచ్చలా తెలుస్తుంది. వి-క్యూ స్కాన్‌లో కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఇచ్చి, గాలి చేరుతున్నా రక్తం చేరని భాగం ఉందేమో వెతుకుతారు.

ఇంట్లోవాళ్లకు ముందుగా కలిగే భయం కడుపులో బిడ్డ గురించే. ఈ విషయంలో రెండు స్కాన్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. దేనిలోనైనా పిండానికి చేరే రేడియేషన్ సాధారణంగా 1 మిల్లీగ్రే కంటే తక్కువ. పిండం ఎదుగుదలకు హాని గురించి వైద్యులు ఆలోచించేది 50 మిల్లీగ్రే దాటినప్పుడు. బిడ్డకు ఏమవుతుందోనని స్కానే వద్దనడం తల్లీబిడ్డలిద్దరినీ ప్రమాదంలోకి నెట్టడమే.

అసలు తేడా తల్లి విషయంలో ఉంది. సీటీలో రొమ్ములకు తగిలే రేడియేషన్ వి-క్యూ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. కొత్త యంత్రాలతో ఈ మోతాదు బాగా తగ్గింది, అయినా తేడా పోలేదు. సీటీకి ఇంకో ఇబ్బందీ ఉంది. గర్భిణి ఒంట్లో రక్తం పెరిగి కాంట్రాస్ట్ పలచబడుతుంది. పైగా గట్టిగా ఊపిరి పీలిస్తే పొట్ట వైపు నుంచి మందు కలవని రక్తం ఒక్కసారిగా గుండెలోకి వచ్చి చిత్రం చెడిపోతుంది. అందుకే తెలిసిన టెక్నీషియన్ గాఢంగా పీల్చమనకుండా, మెల్లగా పీల్చి బిగబట్టమంటారు. ఇక సీటీ బలం ఏమిటంటే గడ్డ లేకపోతే న్యుమోనియా వంటి ఇతర కారణాన్నీ పట్టిస్తుంది.

వి-క్యూకు ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండాలి. అందుకే ముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అందులో మచ్చలుంటే వి-క్యూ ఫలితం స్పష్టంగా రాదు, సీటీయే దారి.

ఈ రెండింటికీ ముందు చేయదగిన పరీక్ష ఒకటుంది, దాన్ని మరవకూడదు. కాలు వాచి నొప్పిగా ఉంటే, ముఖ్యంగా ఎడమ కాలు, డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్త ప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్) చేయించాలి. దానికి రేడియేషన్ లేదు. కాలి సిరలో గడ్డ దొరికితే దానికీ, ఊపిరితిత్తుల గడ్డకూ చికిత్స ఒకటే కాబట్టి ఛాతీ స్కాన్ అవసరం చాలావరకు తప్పుతుంది. దొరకకపోతే మాత్రం ఊపిరితిత్తుల్లో గడ్డ లేదని అనుకోకూడదు.

రక్తం గడ్డ కరిగేటప్పుడు వెలువడే పదార్థాన్ని కొలిచే డి-డైమర్ రక్తపరీక్షపై వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. గర్భంలో ఆ అంకె సహజంగానే పెరుగుతుంది. 2019లో వెలువడిన ఆర్టెమిస్ అధ్యయనంలో డి-డైమర్‌తో పాటు మూడు ప్రశ్నలు వేశారు: కాలిలో గడ్డ లక్షణాలున్నాయా, దగ్గితే రక్తం పడుతోందా, ఊపిరితిత్తుల్లో గడ్డే అన్నిటికన్నా బలమైన అనుమానమా? ఈ పద్ధతితో 39 శాతం మందికి సీటీ అవసరం పడలేదు. తొలి మూడు నెలల్లో ఆ లాభం ఎక్కువ, చివరి మూడు నెలల్లో తక్కువ. బ్రిటన్ ప్రసూతి వైద్యుల మార్గదర్శకాలు మాత్రం గర్భంలో డి-డైమర్ వద్దన్నాయి. ఈ పద్ధతి అలవాటున్న వైద్యబృందం చేతిలో దీనికి విలువ ఉంది, ఒంటరి అంకెగా చూస్తే లేదు.

నన్నడిగితే, ఎక్స్‌రే శుభ్రంగా ఉండి అదే రోజు వి-క్యూ దొరికితే అదే మేలు. లేకపోతే సీటీకి వెనకాడనక్కర్లేదు. స్కాన్ ఆలస్యమయ్యేలా ఉంటే, రక్తస్రావం భయం లేనివారికి ముందుగానే రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇంజెక్షన్ మొదలుపెడతారు. ఆ మందు మాయ దాటి బిడ్డను చేరదు. బీపీ పడిపోతుంటే ఈ పోలికలకు సమయం ఉండదు, మంచం దగ్గరే గుండె ఎకో చేసి చికిత్స నిర్ణయిస్తారు.

కాన్పు తర్వాత సీటీ చేయించుకుంటే పాలివ్వడం ఆపనవసరం లేదు. వి-క్యూ అయితే కొన్ని గంటలు పాలు పిండి పారబోయమనవచ్చు, ఆ సంగతి స్కాన్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి.